పలక కోతకి ఏ బ్లేడు?

మందమైన చెక్కని అంచు మీద నిలబెట్టి బ్యాండ్ సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడున్న రంపం) మీద పలుచటి పలకలుగా చీల్చే పనిని మిల్లుల్లో రీసా అంటారు. దాని మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. అడిగిన తీరు వేరైనా సగం ఉత్తరాల్లో జబ్బు ఒకటే. అందుకని ఆ ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: అయ్యా, మాది 14 ఇంచుల చక్రాల బ్యాండ్ సా, ఒక హెచ్‌పీ మోటారు. 6 ఇంచుల వెడల్పు టేకు పలకని నిలబెట్టి కోస్తే పైనా కిందా గీత మీదే ఉంటోంది, మధ్యలో మాత్రం పొట్ట వస్తోంది. బ్లేడు కొత్తదే. అర ఇంచు వెడల్పు, ఇంచుకి 10 పళ్లు. పళ్లు ఎక్కువుంటే కోత నునుపుగా వస్తుందని షాపులో ఇచ్చారు. ఇప్పుడేమో ముప్పావు ఇంచు బ్లేడు వేస్తే సరిపోతుందంటున్నారు. వేయమంటారా? (తాడేపల్లిగూడెం)

జవాబు: వద్దండీ. మీ బ్లేడు వెడల్పు సరిపోతుంది, పళ్లే ఎక్కువయ్యాయి. అదే అర ఇంచులో ఇంచుకి 3 పళ్లున్న హుక్ రకం (పన్ను ముందు ముఖం కొంచెం ముందుకి వాలి ఉండేది) తెచ్చుకోండి.

లెక్క చూడండి. 14 ఇంచుల మెషీన్లలో బ్లేడు నిమిషానికి సుమారు 900 మీటర్లు పరిగెత్తుతుంది. మీరు చెక్కని నిమిషానికి ఒక మీటరు చొప్పున తోశారనుకుందాం. ఇంచుకి 10 పళ్లుంటే ఆ నిమిషంలో చెక్కని తాకే పళ్లు మూడున్నర లక్షలు. ఒక్కో పన్ను కొరికేది మిల్లీమీటరులో వెయ్యింట మూడు వంతులు కూడా ఉండదు. అంత పలుచటి కోత 150 మిల్లీమీటర్ల ఎత్తు పొడవునా సాగేసరికి పొట్టు ఉబ్బి మూడు నాలుగు రెట్లవుతుంది. పక్కనుంచి చూస్తే సుమారు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల పొట్టు. 10 పళ్ల బ్లేడులో పంటికీ పంటికీ మధ్య ఉన్న చోటు కూడా అంతే, కొంచెం తక్కువే. అంటే పన్ను చెక్క కింది అంచు దాటకముందే సందు నిండిపోయింది. ఇక ఆ పన్ను కోయదు, రాసుకుంటుంది. మీరు ఇంకా గట్టిగా తోస్తారు. బ్లేడుకి పైనా కిందా గైడ్ల (బ్లేడు పక్కకి పోకుండా ఆపేవి) ఆసరా ఉంది, మధ్యలో లేదు. అందుకే మధ్యలోనే పక్కకి వంగుతుంది. మీ పొట్ట కథ ఇదే.

ఇంచుకి 3 పళ్ల బ్లేడుతో అదే వేగంలో ఒక్కో పన్ను మూడు రెట్లకి పైగా లోతుగా కొరుకుతుంది. పొట్టు ఐదారు చదరపు మిల్లీమీటర్లు వస్తుంది, సందులో చోటు పదిహేను దాకా ఉంటుంది. పొట్టు చల్లగా, చిన్న చిన్న పలుకుల్లా కింద రాలుతుంది. పిండిలా వస్తోందంటే, చేత్తో పట్టుకుంటే వేడిగా ఉందంటే పళ్లు ఎక్కువైనా ఉండాలి, మొద్దుబారైనా ఉండాలి.

నెమ్మదిగా తోస్తే 10 పళ్లతోనూ కోయలేమా అంటే కోయొచ్చు. కానీ అప్పుడు ఒక్కో పన్నుకి కొరకడానికి ఏమీ మిగలదు. రాపిడికే వేడెక్కి కొన మొద్దుబారుతుంది. నునుపు కోసం రీసాలో పళ్లు పెంచడం దండగ. పలక ఎలాగూ చిత్రిక పట్టాల్సిందే. 3 పళ్ల కోతకి ఒక్కో వైపు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు చిత్రిక సరిపోతుంది.

స్థూలంగా: 3 నుంచి 6 ఇంచుల ఎత్తుకి ఇంచుకి 3 పళ్లు, 8 ఇంచులు దాటితే 2. ఎండిన గట్టి చెక్కకి హుక్ రకం. పచ్చి చెక్కకి, మెత్తటి చెక్కకి పళ్లు దూరదూరంగా, వాలకుండా తిన్నగా ఉండే స్కిప్ రకం కూడా నడుస్తుంది. పళ్లు దగ్గరదగ్గరగా ఉండే రెగ్యులర్ రకాన్ని పలుచటి చెక్కల అడ్డకోతకి ఉంచుకోండి. ఒక హెచ్‌పీ మోటారు మీద 6 ఇంచుల టేకుకి నిమిషానికి మీటరు తోపుడు కూడా ఎక్కువే. మోటారు గొంతు తగ్గుతోందంటే మీరు తొందరపడుతున్నారని.

ముప్పావు ఇంచు బ్లేడు సంగతి తర్వాతి ఉత్తరంలో వస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. గ్యారేజీలో 14 ఇంచుల మెషీన్, 93½ ఇంచుల పొడవు బ్లేడు. టెన్షన్ (బ్లేడు బిగువు) స్కేలు అర ఇంచు గుర్తు దగ్గర పెట్టినా బ్లేడు వదులుగానే అనిపిస్తోంది. స్కేలుని నమ్మొచ్చా? ముప్పావు ఇంచు కార్బైడ్ బ్లేడు (పళ్ల కొనలకి అతి గట్టి పదార్థం అతికించినది) కొంటే రోజ్‌వుడ్ కోతకి బాగుంటుందని చదివాను.

జవాబు: స్కేలుని నమ్మొద్దు. అది స్ప్రింగ్ ఎంత నలిగిందో చెబుతుంది, బ్లేడు ఎంత సాగిందో చెప్పదు. స్ప్రింగ్ పాతబడితే ఆ మాట కూడా అబద్ధమే.

బ్లేడు సాగుడునే కొలవండి. ప్లగ్ తీసేసి, టెన్షన్ బాగా వదులు చేసి, బ్లేడు తిన్నగా నిలిచే దాకా మాత్రం బిగించండి. 200 మిల్లీమీటర్ల డిజిటల్ వెర్నియర్‌ని తెరిచి, ఒక దవడని ఒక చిన్న క్లాంపుతో, రెండో దవడని ఇంకో క్లాంపుతో బ్లేడుకే పట్టించండి. రెంటి మధ్య దూరం దాదాపు 200 ఉండాలి. జారే దవడ స్క్రూ వదులుగా ఉండాలి. సున్నా చేసి టెన్షన్ బిగిస్తూ పోండి. వెర్నియర్ 0.10 మిల్లీమీటర్లు చూపించిందంటే బ్లేడులో చదరపు మిల్లీమీటరుకి సుమారు 100 న్యూటన్ల లాగుడు పుట్టినట్టు, మీ దగ్గరి లెక్కలో 15,000 పీఎస్ఐ (చదరపు ఇంచుకి పౌండ్లు). మామూలు కార్బన్ స్టీల్ బ్లేడుకి ఇది చాలు. బైమెటల్ (మామూలు స్టీలు వీపుకి గట్టి స్టీలు పళ్లు అతికినవి), కార్బైడ్ బ్లేడ్లు 0.15 దాటి కూడా అడుగుతాయి. ఒకసారి కొలిచి, హ్యాండిల్ ఎన్ని చుట్లు తిరిగిందో మెషీన్ మీద రాసి పెట్టుకోండి. ఇంకో వెడల్పు బ్లేడు వేస్తే మళ్లీ కొలవాలి.

ఇప్పుడు ముప్పావు ఇంచు. 13 మిల్లీమీటర్ల వెడల్పు, 0.6 మందం ఉన్న బ్లేడుని 100 న్యూటన్ల లెక్కన లాగాలంటే పై చక్రం మీద పడే బరువు దాదాపు 160 కేజీలు. 19 వెడల్పు, 0.9 మందం బ్లేడుకి అదే లాగుడు కావాలంటే 350 కేజీలు. కార్బైడ్ అడిగే టెన్షన్‌కి అర టన్ను దాటుతుంది. 14 ఇంచుల పోత ఇనుము ఫ్రేము, దాని స్ప్రింగ్ ఆ బరువుకి తయారైనవి కావు. ఫ్రేము వంగుతుంది, పై చక్రం పక్కకి వాలుతుంది, బ్లేడు మాత్రం వదులుగానే ఉంటుంది. వదులుగా ఉన్న ముప్పావు ఇంచు కన్నా బిగువుగా ఉన్న అర ఇంచే తిన్నగా కోస్తుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బ్లేడు చక్రం మీద వంగినప్పుడల్లా దాని పైచర్మం సాగుతుంది. 0.6 మందం బ్లేడు 14 ఇంచుల చక్రం మీద వంగితే పుట్టే లాగుడు 340 న్యూటన్ల పైమాట. అంటే మీరు బిగించిన టెన్షన్‌కి మూడు రెట్లకి పైగా వంపులోనే ఉంది. 0.9 మందమైతే 500 దాటుతుంది. మీ బ్లేడు గంటకి నలభై అయిదు వేల సార్లు అలా వంగి మళ్లీ తిన్నగా అవుతుంది. తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టే చివరికి పంటి మూలలో చీలిక పుడుతుంది. చక్రం వ్యాసంలో వెయ్యో వంతుకి మించి బ్లేడు మందం ఉండకూడదని పాతవాళ్లు పెట్టుకున్న లెక్క ఇందుకే. 14 ఇంచుల చక్రానికి అది 0.36 వస్తుంది. అంత పలుచటిది రీసాకి దొరకదు కాబట్టి 0.5 లేదా 0.6 తో సర్దుకుంటాం, బ్లేడు ఆయుష్షు కొంత వదులుకుంటాం. రోజ్‌వుడ్‌కి అర ఇంచు, 3 పళ్ల బైమెటల్ తీసుకోండి. పని అయిపోగానే టెన్షన్ వదులు చేయడం మర్చిపోకండి. రోజ్‌వుడ్ పొట్టు చర్మానికీ ఊపిరితిత్తులకీ పడదు. గ్యారేజీ తలుపు తెరిచి, మాస్క్ కట్టుకునే కోయండి.

ప్రశ్న: ఫెన్స్‌ని (చెక్కని ఆనించి తోసే అడ్డపట్టీ) టేబుల్ మీద ఉండే గాడికి సమంగా పెట్టినా కోత ఎడమకి లాగేస్తోంది. డ్రిఫ్ట్ కోణం (కోత ఎంత పక్కకి లాగుతోందో ఆ కోణం) కనుక్కుని ఫెన్స్ తిప్పమని కొందరు, అసలు తిప్పకూడదని కొందరు. ఏది నిజం? (హనుమకొండ)

జవాబు: రెండూ నిజమే, వరస ముఖ్యం. ఫెన్స్ తిప్పడం చిట్టచివరి పని. ముందు బ్లేడు చూసుకోవాలి.

ప్లగ్ తీసేసి గైడ్లన్నీ, పైవీ కిందవీ, బ్లేడుకి దూరంగా జరిపేయండి. చక్రాల రబ్బరు టైర్ల మీద గట్టిపడిన పొట్టు ఉంటే గీకి తీయండి. దాని మీద ఎక్కినప్పుడల్లా బ్లేడు ఎగురుతుంది. బ్లేడు వేసి, పళ్లు టేబుల్ వైపు కిందికి చూస్తున్నాయో లేదో చూడండి. పైకి చూస్తుంటే బ్లేడు లోపలి వైపు బయటికి తిరిగిందన్నమాట, రెండు చేతులతో మెలితిప్పితే సరిగ్గా వస్తుంది. టెన్షన్ బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పుతూ, పై చక్రం వాలుని మార్చే ట్రాకింగ్ స్క్రూ సరిచేయండి. బ్లేడు వెడల్పులో నడిమి భాగం పై చక్రం ఉబ్బు (టైరు నడుమ కాస్త ఎత్తుగా ఉండే చోటు) మీద నడవాలి. చాలామంది పళ్లని చక్రం ముందు అంచుకి తెస్తారు. అప్పుడు ఉబ్బు వాలు మీద కూర్చున్న బ్లేడు పక్కకి తిరిగి ఉంటుంది, ఫెన్స్ ఎంత సమంగా ఉన్నా కోత లాగేస్తుంది. మీ ఇబ్బంది ఇక్కడే తీరిపోవచ్చు.

తర్వాత గుణియ పెట్టి టేబుల్‌ని బ్లేడుకి లంబంగా బిగించండి. ఆ తర్వాతే గైడ్లు. పక్క గైడ్ల ముందు అంచు పళ్ల సందు అడుగుకి ఒక మిల్లీమీటరు వెనక ఉండాలి. ఇంకా ముందుకి వస్తే పళ్ల వంపుని (పళ్లని ఒకటి అటు, ఒకటి ఇటు వంచి ఉంచడం) నలిపేస్తాయి. బ్లేడుకీ పక్క గైడుకీ మధ్య ఒక నోటుబుక్కు కాగితం పట్టేంత సందు చాలు. వెనక బేరింగుకీ బ్లేడు వీపుకీ మధ్య అదే కాగితాన్ని రెండు మడతలు పెడితే ఎంత మందమో అంత. కోత లేనప్పుడు వెనక బేరింగు తిరగకూడదు, చెక్క తగలగానే తిరగాలి. పై గైడు దిమ్మని చెక్క మీద 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచండి. దిమ్మని పైకీ కిందికీ జరిపితే ఈ సందులు మారిపోయే మెషీన్లు చాలా ఉన్నాయి. జరిపిన ప్రతిసారీ ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు పరీక్ష. అంచు తిన్నగా ఉన్న అర మీటరు పలక మీద ఆ అంచుకి సమంగా ఒక గీత గీసి, ఫెన్స్ లేకుండా, చేత్తో గీత వెంబడి కోయండి. 300 మిల్లీమీటర్లు వెళ్లాక పలకని కదలకుండా పట్టుకుని మెషీన్ ఆపించండి. పలక అంచు వెంబడి టేబుల్ మీద పెన్సిల్ గీత వేయండి. గాడితో పోలిస్తే ఆ గీత ఒకటి రెండు డిగ్రీలే తిరిగి ఉంటే ఫెన్స్‌ని దానికి సమంగా తిప్పి పని కానివ్వండి. మూడు డిగ్రీలు దాటిందంటే ఫెన్స్ తిప్పి లాభం లేదు, బ్లేడే పాడైంది. పళ్ల వంపు ఒక పక్క ఎక్కువుండాలి, లేదా ఏ మేకో తగిలి ఒక పక్క పళ్లు పోయుండాలి. బ్లేడు ఎప్పుడూ వంపు ఎక్కువున్న పక్కకి, పదునున్న పక్కకి లాగుతుంది. మీది ఎడమకి లాగుతోంది కాబట్టి, ఒక సన్నటి నూనె రాయిని చెక్క దిమ్మకి ఆనించి, నడుస్తున్న బ్లేడు ఎడమ పక్క పళ్లకి బల్లపరుపుగా రెండు మూడు సెకన్లు తాకించి మళ్లీ కోసి చూడండి. ఒత్తిపట్టొద్దు. పోయిన వంపు తిరిగి రాదు.

ప్రశ్న: 24 ఇంచుల చక్రాల మెషీన్. చుట్ట నుంచి 25 మి.మీ. వెడల్పు, 0.9 మందం బ్లేడు కోయించి వెండి టంకంతో బ్రేజింగ్ చేసుకుంటాం. నడుస్తుంటే గైడు దగ్గర టక్ టక్ మని చప్పుడు. ఒకసారి జాయింటు పక్కన తెగింది, ఇంకోసారి పంటి మొదట్లో తెగింది. (నిజామాబాద్ జిల్లా)

జవాబు: మూడూ మూడు కారణాలు.

టక్ టక్ అంటే జాయింటు మందంగా ఉంది, లేదా బ్లేడు వీపు అక్కడ వంకరగా ఉంది. జాయింటు మీదా, పక్కనా వెర్నియర్‌తో కొలవండి. తేడా 0.05 దాటితే ఆకురాయితో పొడవు వెంబడి రుద్ది సమం చేయండి. అడ్డంగా రుద్దితే ఆ గీతల దగ్గరే తెగుతుంది. వీపుకి 300 మిల్లీమీటర్ల స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి పట్టండి. జాయింటు దగ్గర సందు కనిపిస్తే టంకం ఊడదీసి మళ్లీ చేయాల్సిందే.

జాయింటు పక్కన తెగడం వేడి తప్పు. టంకం కరగడానికి మసక ఎరుపు చాలు. అంతకు మించి ఎర్రబడ్డాక నీళ్లు చల్లినా, ఫ్యాను కింద పెట్టినా అక్కడి స్టీలు గాజులా పెళుసుబారుతుంది. రెండు కొసలనీ ఎదురెదురుగా 10 మిల్లీమీటర్ల పొడవున వాలుగా అరగదీయండి. ఆ మందానికి అంత పొడవు కావాలి. జాయింటు మీద కూడా పంటికీ పంటికీ దూరం తగ్గకుండా కొలిచి కలపండి. చేతి జిడ్డు అంటకుండా తుడిచి, ఫ్లక్స్ (టంకం బాగా పట్టడానికి పూసే మందు) పూసి, మధ్యలో పలుచటి టంకం రేకు పెట్టి, వీపులు ఒక తిన్నటి ఇనుప పట్టీకి ఆనించి బిగించండి. టంకం పారగానే మంట తీసేసి, క్లాంపులోనే గాలికి చల్లారనివ్వండి. ఆ తర్వాత రెండు పక్కలా నీలం రంగు తేలే దాకా మెల్లగా మళ్లీ కాచి వదిలేస్తే పెళుసు పోతుంది. జాయింటుని వేళ్ల మధ్య చక్రమంత వంపు తిప్పి చూడండి. తెగేదైతే అక్కడే తెగనివ్వండి, మెషీన్ మీద కాదు.

పంటి మొదట్లో తెగడానికి ముఖ్య కారణం మందం. 24 ఇంచుల చక్రానికి 0.6 తగినది. 0.9 మందం 36 ఇంచుల చక్రాల మీద నడవాల్సింది. తర్వాత ఆకురాయి. మూడు మూలల ఆకురాయి మూల పదునుగా ఉంటే పళ్ల సందు అడుగున సన్నటి గాటు పడుతుంది, చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. మూల గుండ్రంగా ఉన్న ఆకురాయి వాడండి, సందు అడుగు గుండ్రంగా ఉండనివ్వండి. పళ్లు వంచేటప్పుడు కూడా పంటి పై మూడో వంతునే వంచాలి. మొదలంటా వంచితే కొన్ని రోజులకి అక్కడే నెర్రె పాస్తుంది. ముందు వంచి, ఆ తర్వాతే పదును పెట్టాలి. పళ్ల కొనలు గట్టిపరిచి అమ్మే బ్లేడ్లకి ఈ సేవ కుదరదు. ఆకురాయి వాటి మీద జారిపోతుంది.

ప్రశ్న: పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు దూలాలు కోస్తున్నాం. కొత్త బ్లేడు ఒక్క దూలానికే అయిపోతోంది. (కాకినాడ)

జవాబు: టేకులోనే సిలికా ఉంటుంది, కొత్త చెక్క అయినా పదును తొందరగానే పోతుంది. పాత దూలానికి సున్నం, ఇసుక, మేకులు అదనం. నాలుగు ముఖాలూ ఇనుప బ్రష్షుతో గట్టిగా తోమి, చేతి మెటల్ డిటెక్టర్‌తో వెతకండి. అయస్కాంతం పైపై మేకులనే పడుతుంది. మేకు తుప్పు పట్టి లోపలే విరిగిన చోట టేకు నల్లగా మచ్చ కడుతుంది, ఆ నలుపే మీకు గుర్తు. పై ముఖాల మొదటి కోతలు పాత బ్లేడుతో తీసేసి, శుభ్రమైన లోపలి చెక్కకి మాత్రమే మంచి బ్లేడు వేయండి. పదును పోయిందో లేదో తెలియాలంటే బ్లేడుని కిటికీ వెలుతురులో పట్టి పంటి కొన చూడండి. మొద్దుబారిన కొన సన్నటి తెల్ల చుక్కలా మెరుస్తుంది, పదునున్న కొన మెరవదు.

ప్రశ్న: 50 మి.మీ. చెక్కని మూడు పలకలుగా కోశాను. తిన్నగా కోసినవి తెల్లారేసరికి గిన్నెల్లా వంగాయి. బ్లేడు తప్పా? (ఒంగోలు)

జవాబు: బ్లేడుది కాదు, చెక్కలోని తడిది. పైన ఎండి లోపల పచ్చిగా ఉన్న చెక్కని చీలిస్తే లోపలి ముఖం తర్వాత ఎండి కుంచించుకుంటుంది, పలక అటు వైపు వంగుతుంది. తేమ మీటరు పైముఖం మీద కాదు, కోసిన కొత్త ముఖం మీద గుచ్చి చూడండి. 12 శాతం దాటితే ఆగడమే మంచిది. ఎండిన చెక్క అయినా, కావాల్సిన మందానికి 3 మిల్లీమీటర్లు ఎక్కువ కోసి, మధ్య మధ్య సమానమైన పుల్లలు పెట్టి పేర్చి, పైన బరువు ఉంచి వారం పది రోజులు గాలికి వదిలి, అప్పుడు రెండు ముఖాలూ సమానంగా చిత్రిక పట్టండి.

ప్రశ్న: బొమ్మల పనికి తెల్ల పొణికి దుంగలు చిన్నవి, గుండ్రనివి, బ్యాండ్ సా మీద చీలుస్తాం. దుంగ తిరిగిపోయి రెండుసార్లు బ్లేడు మెలిపడింది. (కొండపల్లి)

జవాబు: గుండ్రటి దుంగని చేత్తో పట్టి ఎప్పుడూ కోయకండి. పళ్లు కిందికి లాగుతాయి, కింద ఆసరా లేని దుంగ దొర్లుతుంది, దానితో పాటు మీ చెయ్యి కూడా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఫెన్స్ వెంబడి జారే పీట ఒకటి చేసుకోండి. దాని పక్కకి నిలువు పలక బిగించి, ఆ పలక నుంచి రెండు పొడుగాటి స్క్రూలు దుంగలోకి ఎక్కించండి, కోత గీతకి దూరంగా. మొదటి కోతతో ఒక చదును ముఖం వస్తుంది. ఆ ముఖాన్ని టేబుల్ మీద పెట్టి రెండో కోత, ఇక దొర్లదు. పొణికి మెత్తన, కొంచెం పచ్చిగా ఉంటే నార పళ్లకి చుట్టుకుంటుంది. ఇంచుకి 2 లేదా 3 పళ్లు, వంపు కాస్త ఎక్కువున్న స్కిప్ బ్లేడు దానికి సరి. చేతికి గ్లవ్స్ వద్దు. కోత మధ్యలో బ్లేడు పట్టేస్తే స్విచ్ ఆపి, చక్రాలు పూర్తిగా ఆగాక, కోసిన సందులో చిన్న చెక్క చీల దూర్చి దుంగని వెనక్కి తీయండి. నడుస్తుండగా లాగితే బ్లేడు చక్రాల మీంచి జారి బయటికి వస్తుంది.